నీళ్ళు ఎటు పోతున్నాయి

ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పధ్నాలుగు దాకా మా బోట్లన్నీ హార్బరులో కట్టేసి ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం, వేటకి వెళ్ళకూడదు. ఆ అరవై ఒక్క రోజులూ మా పేటలో మగవాళ్ళం ఇంటికి బరువే. కొందరు వలలు కుడతారు, కొందరు పేకాడతారు, మిగిలినవాళ్ళు పెళ్ళాల వంటకి వంకలు పెడతారు. పద్దెనిమిదేళ్ళుగా బోటు ఇంజను నడుపుతున్న నాకు వల కుట్టడం రాదు, పేకాట కలిసిరాదు, మా ఇంట్లో వంటకి వంక పెట్టేంత ధైర్యం లేదు. అంచేత ఆ ఏడు నా పెళ్ళాం కారు మీద పడ్డాను.

కారు సూర్యకళది. ఏడు సీట్ల పాత బండి. తెల్లవారుజామున పెదగంట్యాడలో ఆరుగురు ఆడపిల్లల్ని ఎక్కించుకుని, అచ్యుతాపురంలో ఒక బట్టల కంపెనీ గేటు దగ్గర ఆరింటి షిఫ్టుకి దింపుతుంది. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ వెళ్ళి తీసుకొస్తుంది. రెండేళ్ళ కిందట డ్రైవింగ్ నేర్చుకుంటానని ఆమె అంటే పేటంతా నవ్వింది. నేనూ నవ్వాను, దాచడం దేనికి. ఇప్పుడు ఎవరైనా మా ఇంటి గుర్తు అడిగితే, కారు సూర్యకళ ఇల్లు ఎటంటే చెబుతారు. తాతబాబు ఇల్లంటే ఏ తాతబాబని అడుగుతారు.

వేట ఉన్న నెలల్లో ఆ కారు మంచీ చెడూ ఆమే చూసుకునేది. ఏదైనా తేడా వస్తే ఆటోనగర్లో సూరన్న షెడ్డుకి తీసుకెళ్ళేది. నేను ఇంట్లో ఉండగా ఇంజను జోలికి ఇంకొకళ్ళు వెళ్ళడమేమిటని, నిషేధం మొదలైన వారానికే ఆ పని నేను తీసేసుకున్నాను. తెల్లవారకుండానే లేచి బానెట్ ఎత్తేవాణ్ణి. ఆయిలు చూసి, రేడియేటర్ మూత తీసి కూలెంట్ చూసి, తగ్గితే పోసి, మూత పెట్టి, పోర్టు నుంచి వచ్చి పడిన బొగ్గు ధూళి గుడ్డతో తుడిచేవాణ్ణి. ఆమె టీ తాగి వచ్చేసరికి బండి సిద్ధం. ఒకటి రెండుసార్లు నా వైపు చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు కోసం మర్నాడు ఇంకో పావుగంట ముందు లేచాను.

ఆ తర్వాత నీళ్ళు మాయమవడం మొదలైంది.

మొదట పెద్దగా పట్టించుకోలేదు. రోజూ అర సీసా తగ్గుతోంది, ఎండలు కదా అనుకున్నాను. మే రెండో వారంలో ఒకరోజు లంకెలపాలెం దాటాక బండి ఆవిరి కక్కుకుంటూ రోడ్డు పక్కన ఆగిపోయింది. ఆరుగురు పిల్లలూ రెండు ఆటోలు పట్టుకుని వెళ్ళేసరికి షిఫ్టు మొదలై ముప్పావుగంటైంది. కంపెనీ తరఫున బండ్లు చూసే ఉమామహేష్ అప్పటికప్పుడే సూర్యకళకి ఫోన్ చేశాడు. మనిషి మర్యాదస్తుడే, మర్యాదగానే చెప్పాడు. ఇంకొక్కసారి దారిలో ఆగిందంటే రూటు వేరే బండికి వెళ్ళిపోతుంది, తన చేతుల్లో ఉండదు అని.

ఆ సాయంత్రం సూర్యకళ నాతో ఒక్క మాటే అంది. "బావా, ఈ రూటు పోతే నాకింకోటి ఎవులూ ఇవ్వరు. ఆడదాని బండి ఆగిపోనాదని సెప్పుకోడానికే అందరూ సూత్తన్నారు."

ఆమె మా మేనమామ కూతురు. అందుకే బావా అని పిలుస్తుంది. బోటు ఇంజను నాకు నేర్పింది కూడా ఆ మేనమామే. అంతటి గురువు దగ్గర నేర్చుకున్నవాణ్ణి, ఇంత చిన్న కారులో నీళ్ళు ఎటు పోతున్నాయో కనిపెట్టలేనా అనుకున్నాను. మూడు రోజుల్లో తేలుస్తానని మీసం మీద చెయ్యి వేశాను.

ముందు బండి కింద అట్టలు పరిచాను. పొద్దున్న చూస్తే అట్టలు పొడిగా ఉన్నాయి. గొట్టాలన్నిటి మీదా ముగ్గుపిండి చల్లాను, తడిస్తే చోటు తెలుస్తుందని. పిండి చల్లింది చల్లినట్టే ఉంది. ఆయిల్లో నీళ్ళు కలిశాయేమోనని చూస్తే ఆయిలు ఆయిల్లాగే ఉంది. పొగ గొట్టం దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. మా వీధి కుక్క మీద కూడా అనుమానపడ్డాను, అది తాగుతోందేమోనని. పాపం, అది నా కన్నా నికార్సుగా ఉంది.

మా అమ్మ పోతమ్మకి మాత్రం ఏ అనుమానమూ లేదు. "దిష్టిరా అది. ఆడది కారు తోల్తంటే ఎన్ని కళ్ళు పడతాయి," అని నిమ్మకాయలూ మిరపకాయలూ దండ గుచ్చి ముందు కట్టింది. మర్నాడు కూడా అర సీసా తగ్గింది. దండ కట్టడంలో ముడి తప్పు పడిందని మళ్ళీ కట్టింది.

ఇలా కాదని ఒకరోజు మా తమ్ముడి మోటారు సైకిలు అడిగి తీసుకుని కారు వెనకే వెళ్ళాను. కళ్ళు రోడ్డు మీదే పెట్టి నడుపుతున్నాను. కూర్మన్నపాలెం దగ్గర ట్రాఫిక్ ఆగింది. కారు కింద బొట్లు బొట్లుగా నీళ్ళు పడుతున్నాయి. దొరికావురా అని బండి స్టాండు వేసి, వంగి, వేలు తడిపి నాలిక మీద పెట్టుకున్నాను. చప్పటి నీళ్ళు. ఏసీ నీళ్ళు. వెనకాల బస్సువాడు హారను కొడుతుంటే సూర్యకళ అద్దంలో నన్ను చూసింది. లోపల పిల్లలంతా వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఆ తర్వాత రెండు రోజులు నేను ఆమె కళ్ళలోకి చూడలేదు.

చివరికి సూరన్న షెడ్డుకే తీసుకెళ్ళాం. సూరన్న రేడియేటర్ మూత తీసి పక్కన పెట్టి, ఆ చోట గేజీ ఉన్న పంపు బిగించి గాలి కొట్టాడు. గంట సేపు ముల్లు కదల్లేదు. ఎక్కడా చిల్లు లేదు. మళ్ళీ మూత పెట్టి రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుని, అనకాపల్లి దాకా తిప్పి చూశాడు. చుక్క తగ్గలేదు. ఆ రెండు రోజులూ సూర్యకళ అద్దె బండిలో పిల్లల్ని దింపింది.

మూడో రోజు నా భుజం మీద చెయ్యి వేసి సూరన్న నవ్వాడు. "నా కాడ బుద్ధిగానే ఉన్నాది. మీ ఇంటికొత్తేనే మారాం సేత్తన్నాది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, సూసుకో తాతబాబూ."

నేను ఆ మాట ఇంకోలా తీసుకున్నాను. షెడ్డులో లేనిదీ మా ఇంట్లో ఉన్నదీ ఎవరు? నడిపే మనిషి. ఇంటికి వస్తూ సూర్యకళని పట్టుకున్నాను. స్పీడుగా తోలుతున్నావన్నాను, గేరు లాగుతున్నావన్నాను, పిల్లలు అడిగారని ఏసీ ఆపకుండా వేస్తున్నావన్నాను. ఆమె అన్నీ విని, రేపటి నుంచి ఏసీ ఆపేస్తానంది. ఆపేసింది కూడా. ఆ మే నెల ఎండలో అద్దాలు దింపుకుని ఆరుగురు పిల్లలూ చెమటతో తడిసి దిగేవారు. నీళ్ళు తగ్గుతూనే ఉన్నాయి.

నాకు బుర్ర పని చెయ్యడం మానేసింది. సముద్రం మధ్యలో చీకట్లో శబ్దం విని ఏ బోల్టు వదులైందో చెప్పేవాణ్ణి, వీధిలో పట్టపగలు ఆగి ఉన్న కారు ముందు వెర్రివాడిలా నిలబడేవాణ్ణి. అన్నం తింటూ కూడా ఆ నీళ్ళ గురించే. పోసింది కనిపిస్తోంది, పోయేది కనిపించదు. ఇదేం లెక్క?

మే చివర్లో ఒక మధ్యాహ్నం సూర్యకళ పిల్లల్ని దింపి ఇంటికొచ్చేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీద ఉంది. ఇంకో రెండు కిలోమీటర్లు ఉంటే దారిలో ఆగిపోయేదే. ఆమె మంచినీళ్ళు తాగి, అరుగు మీద ఒరిగి అలాగే నిద్రపోయింది. నేను కారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మా వృత్తిలో ఒక నియమం ఉంది. రోగం తెలియని ఇంజనుని సముద్రంలోకి పంపరు. ఎవరు బతిమాలినా, సీజను పోతుందన్నా పంపరు. అలా పంపినవాళ్ళ పేర్లు మా పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ బండిలో ఆరుగురు ఆడపిల్లలూ నా పెళ్ళామూ వెళ్తున్నారు. పక్కనే స్టీలు రేకుల చుట్టలు మోసే లారీలు.

స్టీరింగ్ పక్కన అంటించిన కాగితం మీద ఉమామహేష్ నంబరుంది. ఫోన్ చేశాను. బండికి రోగముందనీ, ఎక్కడుందో దొరకలేదనీ, దొరికేదాకా రూటు ఇంకొకళ్ళకి ఇచ్చెయ్యమనీ చెప్పాను. నేనెవరని అడిగితే భర్తనన్నాను. అంతే, ఇంక అతను ఏమీ అడగలేదు. ముందే చెప్పి మంచి పని చేశారన్నాడు.

సాయంత్రం అతను సూర్యకళకి ఫోన్ చేసి, రేపటి నుంచి రావద్దన్నాడు. నా పేరు ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె ఫోన్ కింద పెట్టింది. బండి దారిలో ఆగలేదు కదా, వాళ్ళకెలా తెలిసిందని నన్నే అడిగింది. ఏమో అన్నాను. ఆ ఒక్క మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాటికి ఆమె తనే జవాబు వెతుక్కుంది. మా వీధి చివర ఉండే ఆశ ఆ కారులోనే వెళ్తుంది. ఏసీ ఆపినందుకు గొణిగింది ఆ పిల్లే. చెబితే ఆశే చెప్పి ఉంటుందని సూర్యకళ తేల్చుకుంది. సాయంత్రం ఆశ పలకరించడానికి గుమ్మం దాకా వస్తే, లోపలికి వెళ్ళి తలుపు వేసేసింది. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను.

కారు మూడు రోజులు ఇంటి ముందు నిలబడిపోయింది. వచ్చేపోయేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నాలుగో రోజు పొద్దున్న సూర్యకళ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నా దగ్గరికొచ్చింది.

"నువ్వు రోజూ పొద్దున్న ఏటి సేత్తావో అంతా నా ముందు సెయ్యి. ఒకటీ ఒగ్గకు. నువ్వు బోటెక్కీసేక నానే సేసుకోవాల."

నాకు సంతోషమేసింది. పాఠం చెప్పేవాడిలా మొదలుపెట్టాను. ఆయిలు ఎలా చూడాలో, గీత ఎక్కడుండాలో, గొట్టాలు నొక్కి ఎలా చూడాలో అన్నీ చెప్పాను. రేడియేటర్ మూత తీశాను, చూపించాను, కొంచెం పోశాను, మూత పెట్టి తిప్పాను, గుడ్డ అందుకున్నాను.

ఆమె మూతనే చూస్తోంది. "అయిపోనాదా?"

"అయిపోనాది."

"మూత ఇంకా తిరుగుతాది గదా."

తిరుగుతుందన్నాను. తిప్పకూడదన్నాను. మా బోటు ఇంజనుకి నీళ్ళ ట్యాంకు మూత ఎప్పుడూ సగమే బిగిస్తాం. పూర్తిగా బిగిస్తే ఆవిరికి దారుండదు, ఇంజనుకి ఊపిరాడాలి. పద్దెనిమిదేళ్ళుగా నా చెయ్యి అక్కడ తనంతట తనే ఆగిపోతుంది. "మీ నాయనే నేర్పేడు," అన్నాను.

సూర్యకళ అరచెయ్యి మూత మీద పెట్టి, గట్టిగా నొక్కి తిప్పింది. టక్కుమని ఇంకో గాడిలో పడింది.

"సూరన్న కాడ ఇలగే ఉంటాది," అంది.

మూత మెడ దగ్గర నుంచి ఒక సన్న గొట్టం కిందికి వేలాడుతూ ఉంటుంది. రోజూ చూస్తున్నదే. మూత సగంలో ఆగితే, వేడెక్కిన నీళ్ళన్నీ ఆ గొట్టంలోంచే రోడ్డు మీద పోతాయి, ఎండకి జాడ కూడా మిగలదు. సూరన్న మూత తీసేసి పంపు పెట్టాడు కాబట్టి అతనికి తెలియలేదు, తర్వాత పూర్తిగా బిగించాడు కాబట్టి అతని దగ్గర చుక్క పోలేదు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే నేను లేచి, శ్రద్ధగా, మళ్ళీ సగంలో వదిలేవాణ్ణి. నెల రోజులుగా నీళ్ళు పోయడమూ నేనే, పారబోయడమూ నేనే.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. బంపరు మీద కూలబడి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. మా అమ్మ బయటికొచ్చి ఏమైందంటే చెప్పలేక చేత్తో చూపించింది. నేనూ నవ్వాను. ఆ ఫోన్ సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ పూటే ఆమె ఒక్కతే అనకాపల్లి దాకా వెళ్ళొచ్చింది. చల్లారాక చూస్తే గీటంత కూడా తగ్గలేదు. సూర్యకళ మొహం కడుక్కుని వేరే చీర కట్టుకుంది. ఇప్పుడే అచ్యుతాపురం వెళ్దామంది. ఉమామహేష్‌ని అడిగేస్తానంది. దారిలో ఆగని బండిని ఎవరి మాట విని తీసేశాడో చెప్పించుకుంటానంది. ఆశ అని తేలితే ఆ పిల్ల ఇంటి ముందు నిలబడి కడిగేస్తానంది. నేను వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను. ఈ రెండేళ్ళలో ఆమె నడుపుతుంటే నేను హైవే ఎక్కడం అదే మొదటిసారి. చక్కగా నడిపింది. గేరు ఎక్కడా లాగలేదు.

లంకెలపాలెం దాటింది. ఇంకో అరగంటలో గేటు వస్తుంది, ఉమామహేషే చెప్పేస్తాడు. అంతకన్నా నా నోటితో చెప్పడమే నయమనిపించింది. అది మంచితనం కాదు, వేరే దారి లేక.

"ఆశ కాదు," అన్నాను. "నానే ఫోన్ సేసేను."

ఆమె బ్రేకు వెయ్యలేదు. ముందు లారీ ఉంది. ఎదర ఖాళీ అయ్యేదాకా ఆగి, హారను కొట్టి, దాటి, మళ్ళీ ఎడమకి వచ్చింది. అప్పుడు అడిగింది, ఎందుకని. భయమేసిందన్నాను.

"నువ్వు బోటెక్కిన పద్దెనిమిదేళ్ళలో నాకు బయ్యం లేని రోజుందేటి బావా? గాలి బాగోలేదని అందరూ సెప్తంటే కూడా ఎల్లినావు. నానెప్పుడైనా మీ ఓనరుకి ఫోన్ సేసి, మా ఆయన్ని ఎక్కించుకోకండి అన్నానా?"

లేదన్నాను.

గేటు దగ్గర నేను దిగబోయాను. తప్పు నాదని ఉమామహేష్‌కి నేనే చెబుతానన్నాను. "నువ్వు సెప్పింది సాలు, దిగకు," అని ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది. ఎండలో కారులో కూర్చున్నాను. ఏమడుగుతోందో, ఏమంటున్నాడో తెలియదు. ఇంజను దగ్గరైతే చెవి పెట్టి వినేవాణ్ణి.

అరగంటకి వచ్చింది. పాత రూటు తిరిగి రాదట, ఇంకొకతనికి ఇచ్చేశారు. సోమవారం నుంచి పద్మనాభం రూటు ఇచ్చారు. ఊరికి అటు చివర, రెట్టింపు దూరం, ఎవరూ ఒప్పుకోక మిగిలిపోయిన రూటు. తీసుకున్నానంది. "వాళ్ళ కాయితంలో నీ నంబరు కూడా రాసుకున్నారు. కొట్టించీసేను," అని బండి స్టార్ట్ చేసింది.

ఇంటికొచ్చే ముందు ఆశ వాళ్ళింటి దగ్గర ఆపి లోపలికి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు. బయటికొచ్చేటప్పుడు ఆశ గుమ్మం దాకా ఆమె చెయ్యి పట్టుకుని వచ్చింది. నా వైపు చూడలేదు.

మిగిలిన రోజులు ఎలా గడిచాయంటే చెప్పడం కష్టం. సూర్యకళ ఎప్పటిలాగే వండింది, ఎప్పటిలాగే మాట్లాడింది, నా చొక్కా గుండీలు కుట్టిపెట్టింది. కోపమైతే తెలుస్తుంది, కోపం తగ్గించడానికి మగవాడికి పది దారులున్నాయి. ఇది కోపం కాదు. ఏమిటో తెలియక, ఆమె పొద్దున్నే లేచి బానెట్ ఎత్తుతుంటే నేను గోడ వైపు తిరిగి పడుకుని, నిద్రపోతున్నట్టు నటించేవాణ్ణి. క్షమించమని అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ అన్నం పెట్టమన్నాను.

జూన్ పదిహేనున బోట్లు వదిలారు. హార్బరంతా పసుపూ కొబ్బరికాయలూ. పద్మనాభం పిల్లల్ని షిఫ్టుకి దింపేసి సూర్యకళ ఇంటికొచ్చింది, నన్నూ నా సంచినీ హార్బరుకి తనే తీసుకొచ్చింది. అంతకుముందు ఏనాడూ రాలేదు, ఎందుకొచ్చిందో నేను అడగలేదు. నైరుతి గాలి గట్టిగా ఉంది. రేవు లోపలే నీళ్ళు ఎగిరి పడుతున్నాయి. ఒక రోజు ఆగితే మంచిదని ముసలి డ్రైవర్లిద్దరు అంటున్నారు. మా ఓనరు శ్రీరామ్మూర్తి మాత్రం, పక్కవాళ్ళంతా వెళ్తుంటే మనమెలా ఆగుతామని ఐసు ఎక్కించేస్తున్నాడు.

"గాలి ఇలగే ఉంటాదేటి?" అని అడిగింది సూర్యకళ.

"ఉంటాది," అన్నాను.

ఓనరు పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. సూర్యకళ అతని వైపు చూసింది. చాలాసేపు చూసింది. నన్ను ఎక్కించుకోవద్దని చెబుతుందేమో అనుకున్నాను. చెబితే బాగుండునని కూడా అనిపించింది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆమె పెదవులు ఒకసారి కదిలాయి.

తర్వాత సంచి నా చేతికిచ్చి, రెండింటికి పిల్లల్ని తేవాలంది. కారు వెనక్కి తీసి, ఐసు బండ్ల మధ్య నుంచి జాగ్రత్తగా తిప్పుకుని వెళ్ళిపోయింది.